అప్‌డేట్: మేపుల్ గిటార్ నెక్ జిగురు, నల్ల మురికి పోయాయి

నా గిటార్ మేపుల్ ఫ్రెట్‌బోర్డ్ (తీగలు నొక్కే చెక్క పలక) మీద ఫ్రెట్ల (అడ్డంగా ఉండే లోహపు పట్టీల) పక్కన నల్లటి మురికి పట్టిందని, నెక్ (గిటార్ మెడ) వెనకాల బొటనవేలు అతుక్కుంటోందని పోయిన నెల అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది తడి గుడ్డే. మైక్రోఫైబర్ గుడ్డను నీళ్లలో ముంచి, గట్టిగా పిండి తుడిచాను. వెంటనే పొడి గుడ్డతో తడి లేకుండా చేశాను. ఫ్రెట్ అంచున గట్టిపడిన మురికిని పాత ప్లాస్టిక్ కార్డు మూలతో గీకితే చిన్న చిన్న ఉండలుగా ఊడొచ్చింది. గుడ్డ చూస్తే డికాషన్‌లో ముంచినట్టుంది!

12వ ఫ్రెట్ దగ్గర బూడిద రంగు మచ్చ మాత్రం కదల్లేదు. రిపేర్ చేసేఆయనకు చూపిస్తే, అది మురికి కాదు, పైపూత అరిగి చెమట చెక్కలోకి దిగింది, రుద్దితే పూత ఇంకా పోతుంది, వదిలేయమన్నారు. వదిలేశాను.

ఫ్రెట్‌బోర్డ్‌కి కొందరు రాసే లెమన్ ఆయిల్ అవసరమే పడలేదు, పూత ఉన్న మేపుల్‌లోకి నూనె ఇంకదు. స్టీల్ ఊల్ (సన్నటి ఉక్కు పీచు) దయచేసి వాడకండి. మెరుపు పోతుంది, ఇనుప రజను పికప్‌ల (ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కదలికను పట్టే భాగాల) అయస్కాంతాలకు పట్టుకుంటుంది.