సెన్సర్ నెట్‌వర్క్‌లో లొసుగు: స్టాండర్డ్‌దా, అమ్మినవాళ్ళదా?

గోదారిగట్టు:
భీమవరం పక్కన రొయ్యల చెరువులకి డిఓ సెన్సర్లు, ఏరేటర్ కంట్రోలర్లు పెట్టే పని నాది. డిఓ అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, తెల్లారుజామున బాగా పడిపోతుంది. ఏరేటర్ అంటే నీళ్ళలోకి గాలి కలిపే మోటారు. నోడ్‌లన్నీ, అంటే సెన్సర్, రేడియో ఉన్న పెట్టెలన్నీ, 802.15.4 అనే వైర్‌లెస్ స్టాండర్డ్ రేడియో మీదే నడుస్తాయి, 5 నిమిషాలకోసారి గేట్‌వేకి (రీడింగులన్నీ అందుకునే పెట్టె) రీడింగ్ పంపుతాయి. పోయిన నెల ఒక చెరువులో నోడ్‌కి బ్యాటరీ మార్చాం. అంతే, గేట్‌వే దాని మాట వినడం మానేసింది. నోడ్‌లో ఫ్రేమ్ కౌంటర్, అంటే ప్యాకెట్ల వరుస అంకె, సున్నా నుంచి మొదలైంది, గేట్‌వే గుర్తుపెట్టుకున్న అంకె లక్షా పాతిక వేలు. ఎవరో పాత ప్యాకెట్లు మళ్ళీ పంపుతున్నారనుకుని అన్నీ పారేస్తోంది. కిట్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే "సెక్యూరిటీ ఆఫ్ చేసెయ్యండి, పని చేస్తుంది" అన్నారు. చేశాం, పని చేస్తోంది. నాకే టెన్షన్ తగ్గట్లేదు. తప్పు కంపెనీదా, ఆఫ్ చేసుకునే వీలిచ్చిన స్టాండర్డ్‌దా?

ఎంబెడెడ్_హైద్:
కంపెనీదే అన్నా. 802.15.4 పని రేడియో, లింక్ లేయర్ వరకే. కీలు ఎలా పంచాలి, పవర్ పోతే కౌంటర్ ఎక్కడ దాచాలి అన్నవి పై లేయర్లు రాసేవాళ్ళు చూసుకోవాలి. ఎండ ఎంతుందో చెప్పే నోడ్‌కీ, తలుపు తాళానికీ ఒకే కాపలా అక్కర్లేదు కాబట్టే సెక్యూరిటీకి లెవెల్స్ పెట్టారు. పైగా బ్యాటరీ మీద బతికే నోడ్, ఫ్రేమ్ మొత్తం కలిపి 127 బైట్లు. అందులో సెక్యూరిటీకి ఎంతని ఇస్తాం? ప్రస్తుతానికి గేట్‌వేలో కూడా కౌంటర్ సున్నా చేసి సెక్యూరిటీ ఆన్ చేసుకోండి, సరిపోతుంది.

లక్ష్మి_ఆర్‌ఎఫ్:
సరిపోదండీ, దయచేసి ఆ పని చెయ్యకండి. కీ మార్చకుండా రెండువైపులా కౌంటర్ సున్నా చేస్తే, పోయినేడు ఎవరైనా పట్టి దాచుకున్న 500వ ప్యాకెట్ ఈ రోజు పంపినా గేట్‌వే తీసేసుకుంటుంది. సీలు (ప్యాకెట్ అసలుదేనని చూపడానికి కీతో వేసే గుర్తు) కూడా కలుస్తుంది, అది నిజంగా మీ నోడ్ వేసిన సీలే మరి. ఇంకో నష్టం కూడా ఉంది. ఒకే కీ, ఒకే కౌంటర్‌తో రెండు ప్యాకెట్లు వెళ్తే రెంటికీ ఒకే ముసుగు పడుతుంది. ఒకదాంట్లో ఏముందో ఊహిస్తే రెండోది చదివేసినట్టే. చెరువు నీటి టెంపరేచర్ ఊహించడం ఎంతసేపు?

పవర్ పోతే ఇలా అవుతుందని మొదటి స్టాండర్డ్ వచ్చిన మరుసటేడే, 2004లో, బర్కిలీ నుంచి నవీన్ శాస్త్రి, డేవిడ్ వాగ్నర్ పేపర్ రాశారు. 2003 స్టాండర్డ్‌లో ఏఈఎస్-సీటీఆర్ అని ఒక మోడ్ ఉండేది. అది విషయాన్ని దాస్తుంది, సీలు మాత్రం వెయ్యదు. మీ నోడ్ రీడింగ్‌ని అక్షరాలుగా పంపుతోందనుకోండి. 2 అంటే 00110010, 6 అంటే 00110110. తేడా ఒక్క బిట్. కీ తెలియనివాడు కూడా అసలు ప్యాకెట్‌ని జామ్ చేసి, ఆ ఒక్క బిట్ తిప్పి, సీఆర్‌సీ (ప్రసారంలో తప్పులు పట్టే అంకె) మళ్ళీ లెక్కకట్టి పంపితే 2.8 కాస్తా 6.8 అయి కూర్చుంటుంది. తెల్లారుజామున 3 గంటలకి ఏరేటర్లు ఆగిపోతాయి. అదే మోడ్‌లో గరిష్ఠ కౌంటర్, అంటే 429 కోట్ల పైచిలుకు అంకె వేసి ఒక్క దొంగ ప్యాకెట్ పంపినా చాలు. ఆ తర్వాత మీ నోడ్ ఏం పంపినా గేట్‌వేకి పాతదే.

బ్యాటరీ సాకు చెప్పకండి హైద్ గారూ. 4 బైట్ల సీలు 250 కేబీపీఎస్ రేడియోలో గాల్లో ఉండేది 128 మైక్రోసెకన్లు.

ఎంబెడెడ్_హైద్:
గేట్‌వే రీసెట్ మాట వెనక్కి తీసుకుంటున్నా, అది నా పొరపాటే. కానీ మీరు చెప్పే సీటీఆర్ 2003 నాటిది. 2006లో సీసీఎం-స్టార్ అనే, సీలు కూడా వెయ్యగల మోడ్ తెచ్చి దాన్ని తీసేశారు. ఇక సీలుతో ఖర్చు అయిపోదు, సెక్యూరిటీ హెడర్ కనీసం 5 బైట్లు.

లక్ష్మి_ఆర్‌ఎఫ్:
అదీ కలిపితే 288 మైక్రోసెకన్లు. 2006లో తీసేసింది పేరునే. ఆ 2006 స్టాండర్డ్‌లోని 8 లెవెల్స్‌లో 4వది ఏమిటో చూడండి: సీలు లేని ఎన్‌క్రిప్షన్. అప్పటికి రెండేళ్ళుగా తెలిసిన లొసుగుని మెనూలో ఉంచితే ఎవరో ఒకరు ఎంచుకుంటారు. ఎంచుకున్నవాడిని తిట్టి మెనూ రాసినవాళ్ళని వదిలేస్తే ఎలా?

డల్లాస్_సుధ:
హైద్ గారి మాటలోనూ నిజముంది. 802.15.4 మీద కట్టిన జిగ్‌బీ అనే స్మార్ట్ పరికరాల నెట్‌వర్క్‌నే చూడండి. కింద సీసీఎం-స్టార్ బాగానే ఉంది. పైన, కొత్త పరికరం చేరేటప్పుడు నెట్‌వర్క్ కీని అందరికీ తెలిసిన "జిగ్‌బీఅలయన్స్09" అనే డీఫాల్ట్ కీతో మూసి పంపే పద్ధతి పెట్టుకున్నారు. చేరే ఆ నిమిషంలో వింటూ కూర్చున్నవాడికి తాళంచెవి చేతిలో పెట్టినట్టే. జిగ్‌బీ 3.0లో ఇన్‌స్టాల్ కోడ్ (ఒక్కో పరికరానికి విడిగా ఇచ్చే కోడ్) వచ్చాక ఆ కంతకి మూత దొరికింది. ఫిలిప్స్ హ్యూ స్మార్ట్ బల్బులలో క్రిప్టోగ్రఫీ నిపుణుడు ఆది షమీర్ బృందం 2016లో చూపించింది కూడా అలాంటిదే. ఒక మోడల్ బల్బులన్నిటికీ ఫర్మ్‌వేర్ కీ ఒకటే. చిప్ వాడే కరెంటులో హెచ్చుతగ్గులు కొలిచి దాన్ని రాబట్టారు.

గోదారిగట్టు:
నాకు ఇంకో అనుమానం. ఏరేటర్ ఆన్ చెయ్యమని కమాండ్ పంపితే కంట్రోలర్ నుంచి అకనాలెడ్జ్‌మెంట్, అంటే అందిందన్న జవాబు, వస్తుంది కదా. అదీ దొంగది కావచ్చా?

లక్ష్మి_ఆర్‌ఎఫ్:
కావచ్చు. పాత పద్ధతి అకనాలెడ్జ్‌మెంట్‌లో గుర్తుపట్టడానికి ఉన్నది ఒక బైట్ సీక్వెన్స్ నంబర్, దానికి సీలు లేదు. 2012లో 802.15.4ఈతో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ అకనాలెడ్జ్‌మెంట్‌కి సీలు వెయ్యొచ్చు, మీ రేడియో పాతదైతే అది ఉండదు. అందుకని మోటారు కరెంటు లాగుతోందో లేదో కొలిచి, ఆ రీడింగ్‌ని సీలున్న ప్యాకెట్‌లో వెనక్కి తెప్పించుకోండి. కౌంటర్ సంగతికొస్తే, ప్రతి ప్యాకెట్‌కీ ఫ్లాష్‌లో (పవర్ పోయినా చెరగని మెమరీ) రాయక్కర్లేదు. ఇప్పటి అంకె కంటే 1000 ముందుకి రాసిపెట్టి, రీబూట్ అయితే అక్కడినుంచి మొదలుపెట్టాలి. కొన్ని అంకెలు వృథా అవుతాయి, ఏ అంకే రెండుసార్లు రాదు.

ఎంబెడెడ్_హైద్:
ఇది స్టాండర్డ్‌లోనే తప్పనిసరి అని రాసుంటే బాగుండేదని ఒప్పుకుంటా. అయినా కంపెనీని వదలకండి అన్నా, ఆ ఫర్మ్‌వేర్ వాళ్ళే ఇవ్వాలి.

గోదారిగట్టు:
కొత్త కీలతో ఆ ఫర్మ్‌వేర్ కావాలని రాతపూర్వకంగా అడుగుతున్నా. వచ్చేదాకా 11 చెరువుల్లోనూ ఈ సాయంత్రమే ఆటో-ఆఫ్ తీసేస్తున్నాం. సెన్సర్ చెబితే ఏరేటర్ ఆన్ అవుతుంది, ఆపడం మాత్రం గట్టు మీద కాపలా ఉండే మనిషి చేత్తోనే.