బాత్‌రూమ్ పగలగొట్టిన డెబ్రిస్: పల్లం ప్లాటుకు ఇచ్చేయాలా, ప్లాంటుకే పంపాలా?

మెరకయ్య:
వాదన గాల్లో పోకుండా ఒక మామూలు కేసు పెడుతున్నా. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. 5×7 అడుగుల బాత్‌రూమ్. గోడ టైల్స్ 7 అడుగుల ఎత్తు, సంకెన్ (పైపుల కోసం స్లాబును కిందికి దించి నింపిన గుంత) అడుగు లోతు, మొత్తం పీకేయాలి. హాల్లో పాత పీఓపీ సీలింగ్ కూడా దించాలి. వీధి చివర పల్లంగా ఉన్న ప్లాటాయన "ఏదైనా పోయండి, ట్రిప్పు ఖర్చు నాదే" అంటున్నాడు. నన్నడిగితే అంతకు మించిన రీసైక్లింగ్ లేదు. జీడిమెట్లలోనో ఫతుల్లాగూడలోనో ఉన్న డెబ్రిస్ రీసైక్లింగ్ ప్లాంటు దాకా డీజిలు తగలేసి మోయడం, అక్కడ పొడి చేయడం, అది మళ్లీ ఇంకెవరి ఫిల్లింగ్‌కో పోవడం, ఎందుకిదంతా? కాదనేవాళ్లు కారణం చెప్పండి. "పర్యావరణం" అని ఒక్క మాట అని వదిలేయొద్దు.

తాపీ లెక్కలు:
ఎక్కడికి పంపాలన్నది తర్వాత, అసలు ఎంత వస్తుందో చూద్దాం. తలుపు తీసేస్తే గోడ టైల్స్ సుమారు 150 చదరపు అడుగులు. టైలు, వెనక మాలు (సిమెంటు, ఇసుక ముద్ద) కలిపి అంగుళం పైచిలుకు మందం, అంటే 14 ఘనపుటడుగులు. నేల టైలు, కింద బెడ్డు కలిపి 8. సంకెన్ 35. మొత్తం 57. పగలగొడితే ఇది ఒకటిన్నర రెట్లు ఉబ్బుతుంది, 85 దాకా పోతుంది. బరువు రెండు టన్నుల ముప్పావుకు అటూ ఇటూ. ముప్పావు టన్ను మోసే చిన్న ట్రాలీకి నాలుగు ట్రిప్పులు, ట్రాక్టర్‌కైతే ఒకటి. సిమెంటు సంచుల్లో సంచికి 30 కిలోల చొప్పున నింపితే 90 పైనే కావాలి. నిండా నింపితే మెట్ల మీద సంచి పిగులుతుంది, కూలీ నడుం కూడా పట్టేస్తుంది.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. ఇళ్ల స్లాబుకు లెక్కేసే లైవ్ లోడు, అంటే మనుషులు, సామాన్ల బరువు, చదరపు మీటరుకు 200 కిలోలు. పగిలిన డెబ్రిస్ అడుగు ఎత్తు కుప్ప పోస్తే 350 దాటుతుంది. హాలు మధ్యలో గుట్టగా పోసి "ఆదివారం బండి వస్తుంది" అని ఆపడం మంచిది కాదు. ఏ రోజు సంచులు ఆ రోజే కిందికి దించాలి.

గోడమూల:
మెరకయ్య గారూ, మీ వాదనలో "ఏదైనా" అన్న మాట దగ్గరే నాకు పేచీ. పీఓపీ అంటే జిప్సం, కాల్షియం సల్ఫేట్. అది నీళ్లలో లీటరుకు రెండు గ్రాముల దాకా కరుగుతుంది. ఆ ప్లాటాయన రేపు దాని మీదే ఇల్లు కడతాడు. తేమతో సల్ఫేట్ పైకి ఎక్కి పీసీసీలోని (గచ్చు కింద వేసే సాదా కాంక్రీటులోని) సిమెంటును అంటుకుంటుంది, లోపల ఎట్రింజైట్ అనే స్ఫటికాలు పెరిగి కాంక్రీటు ఉబ్బుతుంది. ఏళ్ల తర్వాత గచ్చు మధ్యలో పొంగి, టైల్స్ గుడారంలా లేస్తాయి. అప్పుడు అందరూ తాపీమేస్త్రినే తిడతారు. కింద ఏం పోశారో ఎవరికి గుర్తుంటుంది?

చెక్క ముక్కలు పడితే చెదలు. కమోడ్ ముక్కలు, పెద్ద టైలు పెంకులు పడుకుని ఒకదాని మీద ఒకటి వంతెన వేస్తాయి, కింద ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ ఏ వానాకాలమో కుంగుతుంది.

మెరకయ్య:
సరే, పీఓపీ, చెక్క, ప్లాస్టిక్ పక్కన పెడదాం. ఇటుక, మాలు, టైలు మిగిలాయి. ముక్కలు మూడంగుళాలకు మించకుండా సుత్తితో చిన్నవి చేసి, ఖాళీలు పూడేంత మొరం కలిపి, ఆరంగుళాల పొరలుగా పోసి, నీళ్లు పట్టించి దిమ్మిస కొడితే? ఇందులో తప్పేముంది?

గోడమూల:
అలా చేస్తే తప్పేమీ లేదు. కానీ ఆ ప్లాట్లో దిమ్మిస కొట్టేదెవరు? ట్రాక్టర్ తొట్టి ఎత్తి కుమ్మరిస్తుంది, జేసీబీ ఒకసారి చదును చేస్తుంది, అయిపోయింది. మీరు చెప్పేది పుస్తకంలో ఫిల్లింగ్ అండీ, వీధిలో జరిగేది వేరు.

నాలాగట్టు:
అన్నా, ఆ ప్లాటు అసలు పల్లంగా ఎందుకుందో ఎవరైనా చూశారా? హైదరాబాద్‌లో పల్లం అంటే చాలాచోట్ల చెరువు ఎఫ్‌టీఎల్లో (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు), నాలా బఫరో (కాలువ పక్కన ఖాళీగా వదలాల్సిన జాగా). అందులో పోస్తే రీసైక్లింగ్ కాదు, చెరువు పూడ్చడం. సర్వే నంబరు పెట్టి చెరువు మ్యాపులో చూసుకోకుండా ఒక్క తట్ట కూడా పోయొద్దు.

చట్టం సంగతి. 2016 మార్చి 29న వచ్చిన కట్టడ, కూల్చివేత వ్యర్థాల నియమాల్లో రోజుకు 20 టన్నులు, లేదా నెలలో ఒక ప్రాజెక్టుకు 300 టన్నులు దాటినవాళ్లే డెబ్రిస్‌ను నాలుగు రకాలుగా వేరు చేసి ముందస్తు ప్లాను ఇవ్వాల్సి ఉండేది. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన కొత్త నియమాల్లోనూ ఉత్పత్తిదారు బాధ్యత (కట్టేవాళ్లే తమ వ్యర్థాల రీసైక్లింగ్ చూసుకోవాలన్న) లెక్కలు 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న కట్టడాలకే. ఇది చూసి "మనకేం వర్తించదు" అనుకుంటారు. అది పొరపాటు. రోడ్డు మీదా కాలువలోనూ వేయకూడదనడం, నిర్ణయించిన చోటికి చేర్చడం, చార్జీ కట్టడం రెండు టన్నుల ఇంటికీ ఉన్నాయి. బండివాడు చీకట్లో నాలా పక్కన దించి వెళ్తే, డెబ్రిస్ తనది కాదని ఇంటాయన తప్పించుకోలేడు. అందుకే డబ్బు మొత్తం ముందే ఇవ్వొద్దు. ప్లాంటు తూకం చీటీ చేతికొచ్చాకే మిగతా సగం.

తాపీ లెక్కలు:
పల్లం ప్లాటు, ప్లాంటు కాక మూడో దారి కొందరు మేస్త్రిలు చెబుతారు. పీకిన డెబ్రిస్‌నే మళ్లీ సంకెన్లో పోసేయడం. ట్రిప్పు మిగులుతుంది, ఇంటాయనకూ నచ్చుతుంది. దయచేసి ఒప్పుకోకండి. టైలు పెంకు అంచు కత్తిలా ఉంటుంది. కొత్తగా వేసిన వాటర్‌ప్రూఫింగ్ పూత మీద దాన్ని పోసి తొక్కితే పూత చిరుగుతుంది, పీవీసీ పైపు మీద గీత పడుతుంది. ఆ తర్వాత కింది ఫ్లాటు సీలింగ్‌లో తేమ మచ్చ. పాత మాలు స్పాంజిలా నీరు పట్టి ఉంచుతుంది కూడా. శుభ్రమైన ఇటుక ముక్కలు ఏరి వాడితే అది వేరే సంగతి, అదీ పూత మీద స్క్రీడ్ (పూతను కాపాడే పలుచని సిమెంటు పొర) పోసి ఆరాకే.

మెరకయ్య:
ఒప్పుకుంటా, ఇంటి ఫిల్లింగ్‌కు కలగాపులగం డెబ్రిస్ పనికిరాదు. కానీ ప్లాంటుకు పోతే మాత్రం అది బంగారమైపోతుందా?

గోడమూల:
బంగారం కాదు గానీ, ఇనుము లాగేసి, నలగ్గొట్టి, కడిగి, సైజులవారీగా జల్లిస్తారు. ఇసుక, కంకర వస్తాయి, పేవర్ బ్లాకులు పోస్తారు. దేనికి వాడొచ్చో కంకర, ఇసుకల భారతీయ ప్రమాణం ఐఎస్ 383 (2016) చెబుతుంది. కాంక్రీటు పగలగొట్టి తీసిన కంకరైతే ఎం25 గ్రేడు (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ) వరకు ఆర్‌సీసీలో, అంటే ఇనుప కడ్డీలున్న కాంక్రీటులో, 20 శాతం, కడ్డీలు లేని ప్లెయిన్ కాంక్రీటులో 25 శాతం కలపొచ్చు. ఇటుక, టైలు కలిసినదైతే ఎం15 కంటే తక్కువ లీన్ (సిమెంటు తక్కువ వేసే) కాంక్రీటుకే. అంటే మన బాత్‌రూమ్ సరుకు కడిగి జల్లించినా కింది మెట్టే. వేరు చేయకుండా పీఓపీ కలిపి పంపితే ఆ మెట్టు నుంచీ జారుతుంది.

తాపీ లెక్కలు:
కాబట్టి గొడవంతా పగలగొట్టే రోజే తేలిపోతుంది. పీఓపీ ముందు దించి, దాని సంచులు విడిగా కట్టి, హాలు ఊడ్చాకే బాత్‌రూమ్‌లో సుత్తి పడాలి. అదే రోజు రెండూ మొదలుపెడితే కూలీ రెండింటినీ ఒకే పారతో ఎత్తుతాడు. సీలింగ్ జీఐ చానెళ్లు (పీఓపీని మోసే రేకు పట్టీలు), కుళాయిలు, రాడ్డు ముక్కలు పాత ఇనుము కొట్టుకే. తలుపు చట్రం పీకితే మేకులు తీసి విడిగా పెట్టండి.

నాలాగట్టు:
టెర్రస్ మీద పాత సిమెంటు రేకులున్న ఇళ్లవాళ్లు ఒకటి గమనించండి. అందులో ఆస్బెస్టాస్ (పొడిగా లేస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నార) ఉండే అవకాశం ఎక్కువ. సుత్తితో కొట్టొద్దు, కోయొద్దు. తడిపి, బోల్టులు విప్పి, రేకు రేకుగానే దించి, మందపాటి పాలిథిన్‌లో చుట్టి విడిగా ఉంచండి. అది ఫిల్లింగ్‌కూ పనికిరాదు, ఈ డెబ్రిస్ బండిలోనూ ఎక్కించకూడదు.