హైబ్రిడ్ బ్యాటరీ జాలీలో పత్తి నూగు: కొత్త మోడళ్లలో ఏం మారాలి?

వరంగల్ ఏనుమాముల మార్కెట్ దిక్కు రోజూ తిరిగే స్ట్రాంగ్ హైబ్రిడ్ కార్ల (పెట్రోల్ ఇంజన్‌తో పాటు బ్యాటరీతో నడిపే మోటారు కూడా ఉన్నవి) గురించి తెలిసినవాళ్ల సలహా కావాలి.

చాలా మోడళ్లలో బ్యాటరీ వెనక సీటు కింద గానీ డిక్కీలో గానీ ఉంటుంది. దాన్ని చల్లబరిచే ఫ్యాన్ ఒక జాలీ గుండా క్యాబిన్‌లోని గాలినే లాగుతుంది. పత్తి సీజన్‌లో ఆ జాలీ మీద నూగు, దుమ్ము కలిసి గొంగడి ముక్కలా అట్టకడతాయి. గాలి అందకపోతే ముందు ఫ్యాన్ మోత పెరుగుతుంది, తర్వాత బ్యాటరీ వేడెక్కుతుంది, అప్పుడు కంప్యూటర్ మోటారు సాయం తగ్గించి ఇంజన్‌ను ఎక్కువ తిప్పుతుంది. మైలేజీ పోయేది అక్కడే. మే ఎండలో నిలిపిన కారుకైతే మరీ కష్టం.

ఎయిర్ గన్‌తో కొడితే నూగు లోపలి ఫ్యాన్ రెక్కల దాకా పోతుంది. మెత్తని బ్రష్, వాక్యూమ్ మేలు. ఇక్కడి దుమ్ములో ఎన్ని కిలోమీటర్లకోసారి తీయాలి?

రాబోయే మోడళ్లలో క్లిప్పు నొక్కితే చేతికి వచ్చే ఫిల్టర్, మీటర్‌లో బ్యాటరీ ఉష్ణోగ్రత అంకెల్లో కనబడడం తప్పనిసరిగా ఉండాలి. ద్రవంతో చల్లబరిచే బ్యాటరీ ఉన్నవి వాడుతున్నవాళ్లు చెప్పండి: ఈ బాధ నిజంగా తప్పిందా? కూలెంట్ మార్పు ఖర్చు ఎంత పడుతోంది?