'ఎల్లో వాల్‌పేపర్' చివర్లో ఆమె బయటపడిందా, మునిగిపోయిందా?

కథాప్రియ:
షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ కథ 'ది ఎల్లో వాల్‌పేపర్' (1892) గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా "చివరికి ఆమె స్వేచ్ఛ పొందింది" అనే మాట వస్తోంది. నేను ఒప్పుకోలేకపోతున్నాను.

చదవనివారి కోసం: బిడ్డ పుట్టాక మనసు బాగోలేని ఒకావిడను, డాక్టరైన భర్త జాన్ వేసవికి ఒక అద్దె బంగళాకు తీసుకెళ్లి మేడమీద గదిలో ఉంచుతాడు. పూర్తి విశ్రాంతి. రాయకూడదు. ఆమె దొంగచాటుగా రాసుకున్న డైరీయే ఈ కథ. గోడకు అంటించిన పసుప్పచ్చ కాగితం డిజైన్ వెనక ఒక ఆడమనిషి చిక్కుకుపోయిందని ఆమెకు కనిపిస్తుంది. చివరికి ఆ కాగితం చించేసి, గది చుట్టూ నేల మీద పాకుతుంది. అది చూసి భర్త మూర్ఛపోతే అతని మీదుగా కూడా పాకుతుంది.

ఇది గెలుపు ఎలా అవుతుంది? కిటికీలోంచి దూకుదామనుకుంది, చువ్వలు గట్టిగా ఉన్నాయి. గదిలో తాడు దాచుకుంది. కన్నబిడ్డ దగ్గర ఉండలేకపోతున్నానని మొదట్లోనే రాసుకుంది. ప్రసవం తర్వాత కొందరికి వచ్చే తీవ్రమైన మానసిక వ్యాధే నాకు ఇందులో కనిపిస్తోంది. నరకంలో ఉన్న మనిషికి మనం చప్పట్లు కొడుతున్నాం.

వెన్నెల:
కథాప్రియ గారూ, స్వేచ్ఛ పొందిందన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అలాగని జబ్బు లేదని నేను అనను. దాన్ని అంతదూరం తెచ్చిందెవరో చూడాలి కదండీ. 1887లో సైలస్ వియర్ మిచెల్ అనే పేరున్న డాక్టరు గిల్మన్‌కు ఇదే 'రెస్ట్ క్యూర్' చేశాడు. బతికున్నంతకాలం కలం, కుంచె, పెన్సిలు ముట్టుకోవద్దని చెప్పి ఇంటికి పంపాడని 1913లో ఆవిడే రాసింది. మూడు నెలలు ఆ మాట విని మతి తప్పే అంచుదాకా వెళ్లిందట. మళ్లీ పనిలో పడ్డాకే తేరుకుంది. కథలో జాన్ కూడా, త్వరగా కోలుకోకపోతే ఆ మిచెల్ దగ్గరికే పంపిస్తానంటాడు.

నా సంగతి ఒకటి చెప్తాను. రెండో కాన్పు తర్వాత పుస్తకం పట్టుకుంటే చాలు, "బాలింతవి, కళ్లు దెబ్బతింటాయి" అని ఇంట్లోవాళ్లు లాగేసుకునేవాళ్లు. ప్రేమతోనే. మధ్యాహ్నమంతా పడుకుని పైకప్పు మీద చెమ్మ మరకలు చూస్తూ ఉండేదాన్ని. ఒక మరక నాకు ముసలమ్మలా కనిపించేది. అందుకే జాన్ "నీ మంచికే" అన్నప్పుడల్లా నాకు ఊపిరాడదు. ఆమె కింది గది అడిగింది, ఇవ్వలేదు. కాగితం మార్చమంది, మార్చలేదు.

ఉత్తరాంధ్ర పాఠకుడు:
అసలు ఆమె మాట ఎంతవరకు నమ్మాలి? మంచం కొరికేసి ఉందని, అది ఇదివరకు ఆ గదిలో ఉన్న పిల్లల పనేనని రాస్తుంది. కాసేపటికే, కోపం ఆపుకోలేక తానే మంచం మూల కొరికానంటుంది. గోడ అడుగున గది చుట్టూ ఏదో ఒరుసుకుపోయిన చార ఉందని, ఎవరు చేశారోనని ఆశ్చర్యపోతుంది. చివర్లో పాకుతుంటే తన భుజం ఆ చారలో సరిగ్గా సరిపోయిందంటుంది. బట్టలకు పసుపు మరకలున్నాయని ఆడపడుచు జెన్నీ అంతకుముందే చెప్పింది. పాకడం మొదలుపెట్టి ఎన్నాళ్లయిందో! ఆ సంగతి ఆమె ఒప్పుకునేది ఒక్క వాక్యంలో, మాటల మధ్యలో: పగలు పాకేటప్పుడు తలుపుకు తాళం వేసుకుంటుందట.

కథాప్రియ:
తాళం మాట నేను గమనించనేలేదు, థాంక్సండీ. ఎవరైనా చూస్తే సిగ్గుచేటని ఆమెకు తెలుసన్నమాట. తెలిసీ ఆగలేకపోతోంది. నాకు ఇంకా బాధగా ఉంది. వెన్నెల గారూ, జాన్ తప్పు నేను కాదనను. కానీ అతను తప్పు చేశాడు కాబట్టి ఆమె గెలిచింది అనేస్తే, ఆ తాళం వెనక ఉన్న మనిషిని మనమూ పట్టించుకోనట్టే.

వెన్నెల:
నిన్న రాత్రి చివరి పేజీ మళ్లీ చదివాను. "నువ్వూ జేనూ వద్దన్నా బయటికొచ్చేశాను" అని భర్తతో అంటుంది. జేన్ ఎవరు? కథలో అంతవరకూ ఆ పేరే లేదు. జెన్నీకి అచ్చుతప్పని కొందరంటారు, కథ చెప్పే ఆవిడ పేరే అదని కొందరు. రెండోదే నిజమైతే, ఆ మాట అంటున్నది గోడలోంచి వచ్చిన మనిషి. అప్పుడు బిడ్డ తల్లి జేన్ ఎటు పోయిందో కథలో ఎక్కడా లేదు. 'స్వేచ్ఛ' అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. జాన్‌ను మాత్రం క్షమించలేను.