9 మీటర్ల కాలమ్స్ లేపేశారు, బ్రేసింగ్ రాడ్లు చివర్లో వేస్తామంటున్నారు, సాయంత్రం గాలికి ఊగుతున్నాయి

మిర్చి_గోడౌన్:

అందరికీ నమస్కారమండి. మాది గుంటూరు దగ్గర, మిర్చి బస్తాలు పెట్టుకోడానికి సొంతంగా గోడౌన్ వేసుకుంటున్నాం, పీఈబీ షెడ్డు (ఫ్యాక్టరీలో చేసి తెచ్చి బోల్టులతో బిగించే స్టీలు షెడ్డు). వెడల్పు 24 మీటర్లు, పొడవు 48, ఆరు మీటర్లకో ఫ్రేమ్ చొప్పున మొత్తం 9 ఫ్రేములు, కాలమ్ ఎత్తు 9 మీటర్లు. వారం నుంచి ఎరెక్షన్ నడుస్తోంది, ఒకటో గ్రిడ్ నుంచి ఐదో గ్రిడ్ దాకా ఐదు ఫ్రేములు హైడ్రా క్రేన్‌తో చకచకా లేపేశారు, చూడ్డానికి బాగానే ఉంది గానీ మధ్యలో పర్లిన్లు (ఫ్రేముల్ని కలిపే పైకప్పు పట్టీలు) బేకి, అంటే రెండు ఫ్రేముల మధ్య ఖాళీకి, నాలుగైదు మాత్రమే ఉన్నాయి, అవీ ఒక్కో బోల్టు మీదే. ఫ్రేములు ఒరగకుండా ఎక్స్ ఆకారంలో వేయాల్సిన బ్రేసింగ్ రాడ్లు ఇంకా కట్టలు కట్టి బోరు షెడ్డు పక్కన పడున్నాయి. సబ్ కాంట్రాక్టరుని అడిగితే "అవి లాస్ట్‌లో మా వేరే బ్యాచ్ వచ్చి ఒక్క రోజులో వేసేస్తారు, ముందు స్ట్రక్చర్ లేవనీయండి" అంటాడు.

సపోర్టుకి ఏం కట్టారయ్యా అంటే నీలం నైలాన్ తాళ్లు. ఒకటి వేపచెట్టుకి, ఒకటి మా ట్రాక్టరు ట్రక్కుకి. నిన్న పొద్దున మా తమ్ముడు ఆ సంగతి తెలీక తాడు విప్పేసి పిండికట్టలకి (ఎరువు బస్తాలకి) బండేసుకుని వెళ్లిపోయాడు, మధ్యాహ్నం దాకా ఎవరూ చూసుకోలేదు!

మొన్న సాయంత్రం ఉన్నట్టుండి గాలి లేచింది, నేను కాలమ్ మీద చెయ్యి పెట్టి నుంచున్నా, కదలడం చేతికి తెలుస్తోంది, షెడ్డు పొడుగు దిక్కున ఊగుతున్నాయి, అడ్డంగా మాత్రం కదలట్లేదు. తాపీ మేస్త్రి గుండు (నిలువు చూసే దారం గుండు) దించి చూస్తే మూడో గ్రిడ్ కాలమ్ పైన దాదాపు 30 ఎంఎం తూర్పుకి వాలింది. రాడ్లు వేసి గట్టిగా బిగిస్తే అదే లాక్కుంటుంది అంటున్నాడు సబ్ కాంట్రాక్టరు. నిజమేనా? రోహిణి కార్తె, ఎప్పుడు గాలివాన పడుద్దో తెలీదు, రాత్రి నిద్ర పట్టట్లేదండి.

కరీంనగర్_రిగ్గర్:

అన్నా, ముందుగాల ఒక పని చెయ్యి, ఆరో ఫ్రేమ్ లేపుడు బంద్ పెట్టించు. నేను పదమూడేండ్ల సంది దుబాయ్‌ల స్టీల్ ఎరెక్షన్ల ఉన్న, గిట్ల ఐదు ఫ్రేములు ఊకెనే నిలబెట్టి బ్రేసింగ్ తర్వాత అంటే ఆడ సేఫ్టీ ఆఫీసర్ అందర్నీ సైట్ల నుంచి ఎల్లగొడ్తడు.

నీకు ఊగుడు పొడుగు దిక్కునే ఎందుకు అంటే, అడ్డం దిక్కున రెండు కాలమ్‌లు, పైన రాఫ్టర్ (పైకప్పు దూలం), మూలకు బోల్టులు, గదంత ఒక్క గట్టి ఫ్రేమ్ అయితది, అది పడదు. పొడుగు దిక్కున ఏమున్నది? కింద నాలుగు యాంకర్ బోల్టులు, పైన పలుసటి పర్లిన్. ఒకటి ఒరిగితే పర్లిన్ పట్టుకొని పక్కదాన్ని గూడ గుంజుకపోతది. ఐదుకు ఐదు ఒక్క దిక్కే పడ్తయి, పేకముక్కల లెక్క. బేస్ ప్లేట్ కింద గ్రౌట్ (సందుల నింపే పలుసటి సిమెంటు) పోసిన్రా లేదా? పొయ్యకపోతే ఇంకా ఖతర్నాక్, ప్లేట్ గా షిమ్ముల (కింద పెట్టిన ఇనుప రేకు ముక్కల) మీద, బోల్టుల మీదనే కూసున్నట్టు.

మేము చేసే తరీఖ ఏందంటే డ్రాయింగ్‌ల రాడ్లున్న బే చూసుకోని ఆడికెల్లే షురూ చేస్తం. ఆ రెండు ఫ్రేములు లేపాలె, మధ్యల పర్లిన్లు, గోడ గర్ట్లు (గోడ షీటు కూసునే అడ్డ పట్టీలు), ఈవ్ స్ట్రట్ (కాలమ్‌ల నెత్తిని కలిపే అడ్డ కమ్మీ) అన్నీ ఎక్కియ్యాలె, గోడకు రాడ్లు, రూఫుకు రాడ్లు ఎయ్యాలె, గుండు చూసి సాఫ్ చేసి బిగించాలె. అప్పుడు ఆ నాలుగు కాలమ్‌లు ఒక్క డబ్బా లెక్క అయితయి, కదిలిద్దామన్నా కదలయి. తర్వాతి ఫ్రేములన్నీ దానికి ఆనిచ్చుకుంట పోవుడే. ఒకటో నంబర్ కాడ షురూ చేసి వరుసగా పోవుడు హైడ్రా కిరాయి కలిసొస్తదని, ఇంకేం లేదు.

షెడ్_వర్క్స్_బెజవాడ:

మరీ అంత భయపెట్టకండి సార్ ఆయన్ని. మేం ఇరవై ముప్పై షెడ్లు వేశాం, చిన్న షెడ్లకి తాళ్లు కట్టి లేపేసి రాడ్లు తర్వాతే వేస్తాం, ఏమీ కాలేదు. రాడ్‌తో లాగి గుండుకి తెచ్చుకోవడం కూడా మామూలే. హైడ్రాకి గంట లెక్కన డబ్బులు, అది ఉన్నప్పుడు బరువు పనులు అన్నీ లాగించేసుకుంటాం, ఓనర్లు రేటు తగ్గించమంటారు మళ్లీ దుబాయ్ పద్ధతి కావాలంటారు 😀

లోడ్‌పాత్:

బెజవాడ అన్నగారూ, ఏమీ కాలేదు అంటే ఆ నాలుగు రోజులూ గాలి రాలేదని అర్థం, అంతకు మించి ఏం లేదు. నేను డిజైన్ వైపు ఉంటా, విశాఖ. లెక్క వేసి చూపిస్తా.

గాలి ఒత్తిడి ఉరామరిగా 0.6 ఇంటూ వేగం స్క్వేర్, వేగం సెకనుకి మీటర్లలో. వేసవి గాలివాన ఒక్క విసురు సెకనుకి 20 మీటర్లు, అంటే గంటకి 72 కిలోమీటర్లు అనుకోండి, చదరపు మీటరుకి 240 న్యూటన్లు, అంటే పాతిక కిలోలకి కాస్త తక్కువ. ఐ సెక్షన్ లాంటి పలకల ముక్కకి గాలి పట్టు దాదాపు రెట్టింపు, 48 కిలోలు వేసుకోండి. ఒక్క ఫ్రేమ్‌కి 24 మీటర్ల రాఫ్టర్ 600 ఎంఎం లోతు అనుకుంటే 14 చదరపు మీటర్లు దాటింది, దానికి కాలమ్స్ పై సగం కలిపితే 19 దగ్గర. అంటే ఒక్కో ఫ్రేమ్ నెత్తిన దాదాపు 900 కిలోల తోపు. వెనక ఫ్రేములకి ముందు ఫ్రేమ్ కాస్త అడ్డం ఉంటుంది కాబట్టి ఐదింతలు కాదు గానీ మూడు నాలుగు టన్నులు తేలిగ్గా ఉంటుంది. దాన్ని ఆపుతున్నది ఏంటి, వేపచెట్టు, నైలాన్ తాడు. నైలాన్ సాగుతుంది అన్నా, ఎంత లాగి కట్టినా సాగుతుంది, ఊగడానికి అదీ ఒక కారణం. ఇది మామూలు గాలివాన లెక్కే, మీ గుంటూరు వైపు తుఫాను గాలి సంగతి వేరు, కోడ్‌లో విజయవాడకి బేసిక్ విండ్ స్పీడ్ సెకనుకి 50 మీటర్లు. వేగం రెండున్నర రెట్లయితే తోపు ఆరు రెట్లు దాటుతుంది.

ఓనర్ గారూ, ఇంకో మాట, మీరు అడగలేదు గానీ. బ్రేసింగ్ లేకుండా పక్క షీటు మొదలుపెడతామంటే అస్సలు ఒప్పుకోకండి. ఖాళీ ఫ్రేమ్‌లోంచి గాలి వెళ్లిపోతుంది, గేబుల్ గోడకి (షెడ్డు చివరన ఉండే అడ్డ గోడకి) షీటు కొట్టారంటే అది తెరచాప. షీటు పడితే బిల్లు పెట్టుకోవచ్చు కాబట్టి తొందరపడతారు.

మిర్చి_గోడౌన్:

అమ్మో, నిజంగానే నిన్న గేబుల్ షీటు గురించి అడిగాడండి! ఆపేశాను. గ్రౌటు పోయలేదు. డ్రాయింగ్ తీసి చూశాను, ఎక్స్ గీతలు 2-3 గ్రిడ్ల మధ్య, 7-8 మధ్య ఉన్నాయి, రూఫ్‌లోనూ ఆ రెండు చోట్లే. అంటే ఇప్పుడు లేచిన వాటిలోనే ఒక బే ఉంది. ఇప్పుడు ఈ 30 ఎంఎం వాలుడు రాడ్ బిగించి లాగొచ్చా కూడదా అది తేల్చండి, బెజవాడ ఆయన మామూలే అన్నారు, మీరిద్దరూ ఆ సంగతి చెప్పలేదు.

లోడ్‌పాత్:

ముందు గుండు ఒక్కటే నమ్మకండి, గాలికి అది ఊగుతుంది, ఓ బకెట్టు నీళ్లలో ముంచి పెడితే నిలుస్తుంది. ఇంకో చెకింగ్ ఉంది, టేపుతో అయిపోతుంది. 2-3 బేలో ఒక కాలమ్ కింద నుంచి పక్క కాలమ్ పైకి మూలగా కొలవండి, తర్వాత రెండో మూల. 6 మీటర్లు, 9 మీటర్లు కాబట్టి బే గుండుకి ఉంటే రెండూ 10.82 దగ్గర సమానంగా రావాలి. రెండు కాలమ్స్ కలిసి 30 ఎంఎం వాలి ఉంటే ఒక మూల పదహారు పదిహేడు పెరిగి, ఇంకోటి అంతే తగ్గి, తేడా 33 దాకా కనపడుతుంది. టేపు రెండుసార్లూ ఒకే లాగుడుతో పట్టుకోండి, లేకపోతే టేపు వేలాడే దాంట్లోనే తేడా వచ్చేస్తుంది.

లాగడం సంగతి. చివర్లో మూడు నాలుగు ఎంఎం రాడ్‌తో సర్దుకోవడం అందరూ చేస్తారు, బెజవాడ అన్న చెప్పింది అంతవరకు ఒప్పుకుంటా. 30 ఎంఎం మాత్రం రాడ్ పని కాదు. స్పానర్‌కి పైపు తొడిగి తిప్పితే 16 ఎంఎం రాడ్ మీద టన్నున్నర తేలిగ్గా ఎక్కేస్తుంది, కాలమ్ ఎక్కడన్నా పట్టేసి ఉంటే అది రాదు, రాడ్ తగిలించిన చోట వెబ్బు (కాలమ్ మధ్య పలక) లోపలికి గుంటపడుతుంది, ఈవ్ స్ట్రట్ విల్లులా వంగుతుంది. అప్పుడు గుండు కరెక్ట్‌గానే ఉంటుంది, షెడ్డు మాత్రం పుట్టుకతోనే బిగుసుకుపోయి ఉంటుంది. రేపు తుఫానుకి మోయాల్సిన బలంలో కొంత బిగించడంలోనే తినేశాం కదా. రాడ్ ఎంత బిగించాలంటే వేలాడటం పోవాలి, చేత్తో కొడితే లొడలొడలాడకూడదు, అంతే. వీణ తీగలా మోగించక్కర్లేదు.

లాగాల్సింది వైరు రోపు, చైన్ బ్లాక్ (గొలుసు కప్పీ) పెట్టి. ఆ బే పర్లిన్ బోల్టులు కాస్త లూజ్ చేసి, మూలగా రోపు వేసి మెల్లగా లాగి, గుండుకి వచ్చాక రాడ్లు తగిలించి చేతి బిగువు, మళ్లీ గుండు, అప్పుడు ఫైనల్ బిగింపు, ఆఖర్న రోపు వదలడం. లూజ్ చేసేముందు రెండు వైపులా గై రోపులు (నేలకి లాగి కట్టే ఆసరా రోపులు) ఉండి తీరాలి, ఒక్క వైపే లాగితే అటే పోతుంది. స్టీలు ఎరెక్షన్‌లో తేడాల గురించిన ఇండియన్ స్టాండర్డ్ ఐఎస్ 12843 ప్రకారం ఎత్తులో వెయ్యో వంతు వరకు తేడా ఒప్పుకుంటారు, మీకు 9 ఎంఎం. ఇదంతా పొద్దున ఏడింటిలోపు పెట్టుకోండి, స్టీలు ఎండకి సాగుతుంది, 48 మీటర్ల పొడవుకి 20 డిగ్రీల తేడాకి 11, 12 ఎంఎం పెరుగుతుంది, మధ్యాహ్నం చూసిన గుండు సాయంత్రానికి అబద్ధం అవుతుంది.

టవర్_ఎక్కినోడు:

నేను సెల్ టవర్లు, గై మాస్టులు (తాళ్ల ఆసరాతో నిలబడే సన్నటి టవర్లు) కట్టే పనిలో ఉండేవాణ్ణి, తాళ్ల గురించి నేను చెప్తా. గై రోపు నేలకి 45 డిగ్రీల దగ్గర ఉంటే మంచిది. పైన ఒక టన్ను అడ్డం తోపు ఆపాలంటే 45 దగ్గర రోపులో 1.4 టన్నులు వస్తుంది, స్థలం లేదని కాలమ్‌కి దగ్గరగా 75 డిగ్రీల్లో కట్టారంటే అదే పనికి దాదాపు నాలుగు టన్నులు లాగాలి. మీ ట్రాక్టరు ట్రక్కు ఎంత దూరంలో ఉంది? 😅 ట్రాక్టరు, జేసీబీ, కరెంటు స్తంభం వీటికి కట్టొద్దు, కదిలేది ఏదీ యాంకర్ కాదు. 45 డిగ్రీల్లో ఒక టన్ను ఆపే రోపు యాంకర్‌ని ఒక టన్ను పైకి కూడా పీకుతుంది. మీ దగ్గర నల్లరేగడి అయితే మేకు దిగ్గొట్టి వదిలేస్తే ఒక్క వానకి వెన్నలోంచి కత్తి లాగినట్టు వచ్చేస్తుంది. మీటరు బై మీటరు బై మీటరు కాంక్రీటు దిమ్మ 2.4 టన్నులు, నేలలో పాతి హుక్కు పెట్టించుకోండి, ఖర్చు ఏమంత కాదు.

రోపుకి ముడి వేయకూడదు, క్లాంపులు వేయాలి, 12 ఎంఎం రోపుకి కనీసం మూడు, మధ్యలో 75 ఎంఎం గ్యాప్. క్లాంపు జీను భాగం బరువు మోసే పొడుగు రోపు మీద కూర్చోవాలి, యూ బోల్టు తిరిగొచ్చిన పొట్టి కొస మీద. తిరగేసి వేస్తే యూ బోల్టు మోసే రోపునే నలిపేస్తుంది. సైటుకి పోయి చూడండి, పందెం, మూడులో ఒకటైనా తిరగేసే ఉంటుంది. మెలి వచ్చే చోట థింబుల్ (రోపు నలగకుండా లోపల పెట్టే ఇనుప గాడి) పెట్టాలి. లోడు పడ్డాక రోపు సన్నబడుతుంది, క్లాంపు లూజ్ అవుతుంది, మర్నాడు మళ్లీ బిగించాలి, ఇది మాత్రం ఎవడూ చేయడు. టర్న్ బకిల్ (తిప్పి రోపు బిగించే మర ముక్క) వేస్తే రెండు వైపులా మర లోపల సరిపడా ఉందా చూసి, బిగించాక బైండింగ్ వైరుతో కట్టేయండి, లేకపోతే ఊగుడుకి అదే తిరిగి వదులైపోతుంది.

ఎదురెదురు రోపులు సమానంగా బిగించాలి, ఒకటి ఇటు కొంచెం ఒకటి అటు కొంచెం. మాస్టుల్లో అయితే రోపు తెగే బలంలో పదో వంతు చుట్టుపక్కల ముందు బిగువు ఇస్తారు, మీకు అంత అక్కర్లేదు. ఇంకోటి, పక్కా బ్రేసింగ్ కుదిరేదాకా ఒక్క రోపు కూడా విప్పొద్దు, "ఇది అడ్డొస్తోంది కాసేపు తీస్తా" అనేది అన్నిటికంటే డేంజర్. పోలండ్‌లో 646 మీటర్ల రేడియో మాస్టు, అప్పట్లో ప్రపంచంలోకెల్లా ఎత్తైనది, 1991లో కూలింది తుఫానుకి కాదు, గై తాళ్లు మారుస్తుండగా.

మిర్చి_గోడౌన్:

అప్‌డేట్ ఇద్దామని వచ్చా. కాంట్రాక్టరుతో కాస్త గొడవే అయింది, చివరికి దిమ్మల ఖర్చు నేను, రోపులు చైన్ బ్లాకులు అతను అని ఒప్పుకున్నాం. కొలిస్తే మూలల తేడా 35 వచ్చిందండి, లోడ్‌పాత్ గారు చెప్పినట్టే. దిమ్మలు పోసి వారం ఆగాం, ఆ వారంలో ఒకరోజు సాయంత్రం గాలి వచ్చింది, రోపులు ఉన్నాయి కాబట్టి బతికిపోయాం, వాటిని టెంపరరీగా పక్కనున్న నా బోరు షెడ్డు స్లాబ్ దిమ్మెలకి కట్టించా. క్లాంపులు చూశాను టవర్ అన్నా, మూడులో ఒకటి కాదు, పన్నెండులో ఏడు తిరగేసి ఉన్నాయి.

నిన్న పొద్దున ఆరింటికి మొదలుపెట్టి 2-3 బే లాగారు, ఇప్పుడు తేడా 6. రాడ్లు వేశారు, గోడకీ రూఫ్‌కీ. నేను మళ్లీ ఆ మూడో కాలమ్ మీద చెయ్యి పెట్టి చూశా, గాలి ఉంది గానీ చేతికేం తెలియలేదు. ఇంకో డౌటు, ఒకటో గ్రిడ్ ఫ్రేమ్ ఇంకా 12 ఎంఎం అవుటు ఉంది, పర్లిన్ చిల్లులు కోలగా ఉన్నాయి కాబట్టి అందులోనే సర్దుకుంటుంది అంటున్నారు, సరేనా?

కరీంనగర్_రిగ్గర్:

సర్దుకుంటది అన్నా, కానీ అదే అయితదిలే అని ఇడ్సిపెట్టకు. 1-2 బేల పర్లిన్ బోల్టులన్నీ లూజ్ చేపియ్యి, రోపుతోని ఒకటో ఫ్రేమ్‌ను గుంజి, రెండో ఫ్రేమ్ కాడికెల్లి పైనా కిందా టేపు పట్టి 6 మీటర్లు సమానం వచ్చినంక బిగించు. గ్రౌట్ ఆఖరుకు, అన్ని ఫ్రేములు గుండుకు వచ్చినంకనే. ఆరో ఫ్రేమ్ లేపే ముందు ఒక్కపారి 2-3 రాడ్లు మళ్ల చెయ్యేసి చూడు.