రోజంతా మనసును గమనించుకుంటే అది సాధన అవుతుందా?

మియాపూర్ ప్రయాణికురాలు:
మా ఇంట్లో రెండు నెలలుగా నలుగుతున్న వాదన ఇది. నేను రోజూ మియాపూర్ నుంచి ఎల్బీ నగర్‌కు మెట్రోలో ఆఫీసుకు వెళ్తాను. పూజ, జపం కుదరడం లేదు. బదులుగా ఒక్క పని చేస్తున్నాను. మెట్రో తలుపులు మూసుకున్నప్పుడు, అన్నం ముందు కూర్చున్నప్పుడు, ఫోన్ ఎత్తే ముందు "ఇప్పుడు నా లోపల ఏం జరుగుతోంది?" అని చూసుకుంటాను. అంతే. మొన్న పాపకు భాగహారం చెప్తూ చెయ్యెత్తాను. దవడ బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం ముందే తెలిశాయి. చెయ్యి దిగిపోయింది. పదేళ్లు లలితా సహస్రనామం చదివినా నాకు ఇలా ఎప్పుడూ జరగలేదు. అత్తయ్య మాత్రం "దీపం పెట్టని ఇంట్లో సాధనేమిటమ్మా" అంటారు. మీరేమంటారు?

వనస్థలిపురం మాస్టారు:
చెయ్యి దిగినందుకు సంతోషం అమ్మా. కానీ దాన్ని సాధన అనడానికి నాకు మనసొప్పదు. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో ధ్యానం ఏడోది. అహింస, సత్యం లాంటి యమాలు మొదటివి. వేదాంతం కూడా వివేకం, వైరాగ్యం, శమదమాదులు అంటే మనసు, ఇంద్రియాల అదుపు వంటివి, ముముక్షుత్వం అంటే మోక్షం కావాలనే తపన, ఇవన్నీ ఉన్నవాణ్నే విచారణకు అర్హుడంటుంది.

లోపలికి చూసుకోవడం అనగానే అందరూ రమణ మహర్షిని తలుచుకుంటారు. 1896లో, పదహారేళ్ల వయసులో, మదురైలో కొద్దిసేపట్లోనే ఆయనకు ఆత్మానుభవం కలిగింది, నిజమే. ఆ తర్వాత అరుణాచలం చేరి, గుడిలోని పాతాళలింగం నేలమాళిగలో పురుగులు తొడలు తొలిచినా తెలియనంతగా ఉండిపోయారు. పైగా ఆయన "కోపం వచ్చింది" అని చూడటం దగ్గర ఆగమనలేదు. "ఈ కోపం ఎవరికి?" అని వెనక్కి తిరగమన్నారు. మీరు చేస్తున్నది మనసుకు కాపలా. మంచిదే, కానీ "నేనెవరు?" అని వెతికే ఆత్మవిచారణ వేరు. ఇక దీపమంటారా, సంధ్యవేళ చేతిలో పని ఆపి ఒక్క నిమిషం నిలబడటానికి పెద్దలు చేసిన ఏర్పాటు కదా అది!

నైట్ షిఫ్ట్:
మాస్టారు చెప్పిందాంట్లో సగం ఒప్పుకుంటాను. నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త కేంద్రంలో విపశ్యన అనే బౌద్ధ ధ్యానం నేర్చుకోవడానికి పది రోజులు ఉన్నాను. ముందు పంచశీల, అంటే హింస, అబద్ధం లాంటివి చేయనని ఐదు నియమాలు తీసుకోవాలి, ఫోన్ ఇచ్చేయాలి, పదో రోజు దాకా మౌనం. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరి తప్ప ఇంకేమీ చూడనివ్వరు. వరసగా పది ఊపిర్లు చూడటం కూడా నా వల్ల కాలేదు, రెండో రోజే పారిపోదామనుకున్నాను. అందుకే ఇది తేలిక అని మాత్రం అనొద్దక్కా. అయితే ఇంటికొచ్చాక పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోవడం మూడు వారాలకే ఆగిపోయింది. మిగిలింది మీరు చెప్తున్నదే. క్యాబ్ ఆలస్యమైతే కడుపులో మొదలయ్యే మంటను చూడటం.

చింతల్ నుంచి:
నాకు ఆందోళన సమస్య ఉంది. కళ్లు మూసుకుని గుండె చప్పుడు గమనిస్తుంటే టెన్షన్ పెరిగి, చచ్చిపోతానేమో అనిపించేది. డాక్టరమ్మ అది మాన్పించి, పాదాలు నేలకు తగలడం చూస్తూ నడవమన్నారు. దయచేసి అందరికీ ఇదే మందు అని చెప్పకండి.

మాది సిద్దిపేట:
మా తాత అచల మార్గం చెప్పే గురువు దగ్గర బోధ విన్నాడు. మా దిక్కు "నాకెరుకే" అంటే నాకు తెలుసు అని, రోజూ వాడే మాట. అచల బోధలో మాత్రం ఆ ఎరుకే మాయ. ఎరుకను కూడా విడిచిన బయలే, అంటే ఏమీ లేని ఖాళీయే పరిపూర్ణం అంటారు. "నేను గమనిస్తున్నా" అని పట్టుకు కూర్చుంటే అదీ ఒక ముడే. తాత ఏ గుడికీ పోయేవాడు కాదు.

మియాపూర్ ప్రయాణికురాలు:
చింతల్ వారూ, మంచి మాట చెప్పారు. కళ్లు మూసుకోమని ఇక ఎవరికీ చెప్పను. దీపం గురించి మాస్టారు చెప్పింది అత్తయ్యకు చదివి వినిపించాను. నిన్న సాయంత్రం ఇద్దరం కలిసే పెట్టాం.

కానీ మాస్టారూ, యమాలు కుదిరాకే గమనించాలంటే ఒప్పుకోలేను. మొన్న ఇంట్లోనే ఉండి, ఫోన్లో మా సార్‌తో "బయల్దేరాను" అన్నాను. అంటుండగానే గొంతు మారడం నాకు వినిపించింది. మళ్లీ ఫోన్ చేసి "ఇంకా ఇంట్లోనే ఉన్నాను సార్" అని చెప్పాను. సత్యం పాటించాలని చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ రోజు నాతో నిజం చెప్పించింది మాత్రం గమనింపే. దీన్ని మీరు ఎనిమిదింటిలో ఏ అంగం కింద వేస్తారు?