మొదటిసారి టర్కీ కోడి చేస్తున్నా... మసాలా పట్టించాలా, వద్దా?

ఫ్రిస్కో కోడలు:
అందరికీ నమస్కారం. ఈ గురువారం థ్యాంక్స్‌గివింగ్ పండక్కి మా ఆయన ఆఫీసు వాళ్లని నాలుగు కుటుంబాల్ని భోజనానికి పిలిచేశారు, వాళ్లలో రెండు అమెరికన్ కుటుంబాలు. 14 పౌండ్ల టర్కీ తెచ్చి ఫ్రీజర్‌లో పడేశాను, ఇవాళ మంగళవారం, అది ఇంకా బండరాయిలాగే ఉంది. నాకు వచ్చింది కోడికూరే కాబట్టి పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం పట్టించి రాత్రంతా ఉంచి అవెన్‌లో పెడదామనుకుంటున్నా. మా చెల్లెలేమో ఎలా చేసినా టర్కీ ఎండిపోయి పీచు పీచుగానే ఉంటుంది, కోడి బిర్యానీ వండెయ్ అంటోంది. ఏం చేయమంటారు?

అట్లాంటా బాబాయ్:
మసాలా సంగతి తర్వాత, ముందు అది కరగాలి కదమ్మా. ఫ్రిజ్‌లో అయితే నాలుగైదు పౌండ్లకి ఒక రోజు పడుతుంది, నీకంత టైమ్ లేదు. రేపు పొద్దున్నే కవర్ విప్పకుండా చన్నీళ్లలో ముంచి అరగంటకోసారి నీళ్లు మార్చు, పౌండుకి అరగంట లెక్కన ఏడు గంటలు. వేణ్నీళ్లు వద్దు, కౌంటర్ మీద వదిలెయ్యడం అసలే వద్దు. కరిగాక లోపల చెయ్యి పెట్టి చూడు, మెడ, గుండె, కందనకాయ ఉన్న సంచీ ఉంటుంది, దాన్ని మర్చిపోయి అలాగే కాల్చేసేవాళ్లు బోలెడుమంది. మెడ మరిగిస్తే గ్రేవీకి రసం రెడీ.

వంటింటి ఇంజనీర్:
పీచుగా అవడానికి కారణం ఉంది. రొమ్ము 165 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక ఎండిపోతూ పోతుంది, కాళ్లేమో 175 దాకా వెళ్తేగానీ మెత్తబడవు. అందుకే వెన్నెముకని కత్తెరతో కోసి తీసేసి, తిరగేసి రొమ్ము మీద గట్టిగా నొక్కి చదును చేయండి. అప్పుడు రెండూ ఇంచుమించు ఒకేసారి అవుతాయి, అవెన్ 425 డిగ్రీల్లో పెడితే గంటన్నర అటూ ఇటూ. మాంసంలో గుచ్చి చూసే థర్మామీటర్ కొనండి, ఉడికితే పైకి లేస్తుందని టర్కీతో పాటు వచ్చే ప్లాస్టిక్ బటన్‌ని నమ్ముకోవద్దు. ఆ వేడికి పెరుగూ కారం మాడతాయి, తోలు కరకరలాడదు. బుధవారం సాయంత్రం ఉప్పు రాసి, మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టండి చాలు. ప్యాకెట్ మీద ఉప్పునీళ్లు ఎక్కించామని రాసుంటే ఉప్పు బాగా తగ్గించాలి.

న్యూజెర్సీ పిల్ల:
అంత చప్పగా ఎందుకండీ? వెన్నలో వెల్లుల్లి, దంచిన మిరియాలు కలిపి తోలు కింద పెట్టండి, మాడదు. గోంగూర పచ్చడి కూడా టేబుల్ మీద ఉంచండి అక్కా, పోయినేడాది మా కొలీగ్ ఒకాయన క్రాన్‌బెర్రీ సాస్ పక్కన పెట్టి దాంతోనే తిన్నాడు, రెండూ పులుపే కదా! బీన్స్ క్యాసరోల్ (అవెన్‌లో చేసే బీన్స్ వంటకం), తీపి పై (pie) లాంటివి వచ్చేవాళ్లనే తెమ్మనండి. అడిగితే ఏమీ అనుకోరు, ఇక్కడ ఆ రోజు తలా ఒకటి తేవడం మామూలే.

ఫ్రిస్కో కోడలు:
సరే, పెరుగు క్యాన్సిల్. మా సింక్‌లో ఇది పట్టేలా లేదు, బకెట్‌లో ముంచొచ్చా?

అట్లాంటా బాబాయ్:
శుభ్రంగా కడిగింది అయితే ముంచు. మొత్తం మునగాలి, తేలుతుంటే పైన బరువు పెట్టు.